పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా మన పిల్లలు ఎవరి పిల్లలు?

(బడులు తెరిచే ముందు కృష్ణా డెల్టాలోని ఒక పల్లెలో, కూలి తల్లుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అమ్మలారా, అక్కలారా, వెనకాల గోడకానుకుని వింటున్న అన్నలారా, తమ్ముళ్లారా!

ఈ సమావేశం రాత్రి ఏడింటికి పెట్టమన్నది మీరే. పగలు పెడితే మనలో ఒక్కరు కూడా రాలేరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. చివర్లో దీనితో పనుంది.

జూన్ 12న బడులు తెరుస్తారు. అటూ ఇటుగా అవే రోజుల్లో బెజవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలవలకి నీళ్లొదులుతారు. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ నిండుతాయి. నారుమళ్లు పోస్తారు. జులై, ఆగస్టుల్లో నాట్లు పడతాయి. అంటే పిల్లలు బడికి పోవటం మొదలుపెట్టే కాలం, తల్లులు తెల్లారకముందే ఇల్లు విడిచే కాలం, బడి దారి పక్కన కాలవ నిండుగా పారే కాలం, ఈ మూడూ ఒకటే కాలం. నీళ్లొదిలే తేదీ పొలాన్ని చూసి పెడతారు. బడి తెరిచే తేదీ ఎండల్ని చూసి పెడతారు. మన పిల్లల్ని చూసి ఎవరూ ఏదీ పెట్టలేదు.

మన పొద్దు ఎట్టా తెల్లారుద్దో మీకు మేము చెప్పక్కర్లేదు. అయినా చెప్తాం, ఎందుకంటే దీన్ని ఎక్కడా ఎవరూ రాసిపెట్టలేదు. నాలుగింటికి లేవాలి. నీళ్లు పట్టుకోవాలి, అన్నం వండాలి, క్యారేజీ కట్టుకోవాలి. ఐదున్నరకల్లా మేస్త్రి ఆటో వచ్చి డొంక మొగలో హారను కొడతాడు. ఆరున్నరకి చేలో దిగుతాం. మినుము పీకే రోజుల్లో అయితే ఇంకా ముందే పోవాలి. మంచు పదును ఉండగానే పీకాలి, ఎండెక్కితే కాయ చిట్లి గింజ రాలిపోద్ది. రైతుకి గింజ మీద ఉన్న జాగ్రత్త అది. మంచిదే, పండిన గింజ ఎవరిదైనా రాలకూడదు. మరి మనం ఇంట్లో వదిలేసి వచ్చిన పిల్లలో?

బడి తొమ్మిదింటికి. అంగన్‌వాడీ కూడా తొమ్మిదింటికే. ఆరింటికి తల్లి లేదు, తొమ్మిదింటి దాకా బడి లేదు. ఈ మూడు గంటలూ మన పిల్లలు ఎవరి పిల్లలు? మనం ఇయ్యాల మాట్లాడుకోవాల్సింది ఈ మూడు గంటల గురించే.

ఈ మూడు గంటలూ ఇప్పుడు ఎవరు చూస్తున్నారో మనందరికీ తెలుసు. పెద్దపిల్ల చూస్తది. దాని వయసు తొమ్మిదో పదో. తమ్ముడికి మొఖం కడగాలి, అన్నం పెట్టాలి, చొక్కా గుండీలు పెట్టాలి, చెల్లెలికి జడెయ్యాలి. సంకలో ఒకణ్ణి, చేత్తో ఒకదాన్ని పట్టుకుని కట్ట మీద నడిపించాలి. చిన్నోణ్ణి అంగన్‌వాడీలో దించాలి. ఆయా ఇంకా రాకపోతే వచ్చిందాకా గుమ్మంలో నిలబడాలి. అప్పుడు తన బడికి పరుగెత్తాలి. అప్పటికే గంట కొట్టేశారు. ఆలస్యమెందుకయిందని మాస్టారు అడుగుతాడు. అది చెప్పదు. ఇంట్లో సంగతి నలుగురిలో చెప్పుకోవటం దానికి సిగ్గు. రోజూ ఆలస్యంగా వచ్చే పిల్ల వెనక కూర్చుంటది. వెనక కూర్చున్న పిల్లకి లెక్కలు రావు. లెక్కలు రాని పిల్ల ఆరో తరగతికొచ్చేసరికి బడి మానేసి మనతోపాటే ఆటో ఎక్కుద్ది. అప్పుడు మనమే అంటాం, దీనికి చదువబ్బలేదని.

అమ్మలారా, దానికి చదువబ్బక కాదు. దాని చదువు గంటల్ని మనం తమ్ముడి కోసం ఖర్చుపెట్టాం. మనం కావాలని చేసిన పని కాదిది. వేరే దారి లేక చేశాం. అయినా అప్పు తీర్చింది మాత్రం అదే. పొలంలో కలుపు తీసే పిల్ల ఒక్కతే బాలకార్మికురాలని అనుకుంటాం. తల్లి కూలికెళ్లటానికి తమ్ముళ్లని సాకే పిల్ల కూడా పనే చేస్తంది. ఆ పనికి కూలి లేదు, లెక్కలో పేరు కూడా లేదు.

ఇంట్లో పెద్దపిల్ల లేనివాళ్ల సంగతేంటి? కొంతమంది ముసలమ్మ మీద వదిలి వస్తారు. ఆమెకి కళ్లు ఆనవు. కొంతమంది తలుపుకి గొళ్లెం పెట్టి వస్తారు. కొంతమంది పిల్లలకి క్యారేజీ ఇచ్చి ఆరున్నరకే బడి వరండాలో కూర్చోమని చెప్పి వస్తారు. ఆ బడి గేటుకి తాళం ఉంటది. పిల్లలు రోడ్డు మీద ఆడుకుంటారు, కాలవ రేవులో దిగుతారు. మనం వంగి నాట్లేస్తున్నంతసేపూ గుండె అక్కడే ఉంటది.

ఇంకో సంగతి చూడండి. అందరికన్నా ముందు బడికొచ్చేది మన పిల్లలే గదా. ముందొచ్చిన పిల్లకి ఏం దక్కుద్ది? చాలాచోట్ల చీపురు దక్కుద్ది. ఎట్టాగూ ఖాళీగా ఉన్నావు గదా, గది ఊడువు, బిందెతో నీళ్లు తీసుకురా అంటారు. ఊళ్లో పిల్లలు తొమ్మిదింటికి బండి మీద వచ్చి ఊడ్చిన గదిలో కూర్చుంటారు. తల్లికి పొలం పని తొందరగా మొదలైంది కాబట్టి పిల్లకి బడి పని తొందరగా మొదలైంది. కులం మన వెనకాలే పొద్దున్నే లేచి బడి దాకా నడిచి వస్తంది. అందుకే మేము చెప్పేదేంటంటే, పొద్దున పూట పిల్లల్ని చూసే మనిషి కావాలని అడగటం ఒక్కటే చాలదు. ఆ మనిషి ఎవరు, ఆ గంటల్లో పిల్లలతో ఏం చేయిస్తారు అనేది కూడా మనమే తేల్చాలి.

ఈ బాధ పల్లెలదే అనుకోవద్దు. బెజవాడలో మన ఆడవాళ్లు వేకువనే మస్తరు వేయించుకుని రోడ్లు ఊడుస్తారు. పెద్ద పెద్ద కాన్వెంట్ల ముందు రోడ్డు ఎనిమిదింటికల్లా శుభ్రంగా ఉండాలి. అప్పుడు బస్సులొస్తాయి, కార్లొస్తాయి, తల్లులూ తండ్రులూ పిల్లల్ని చెయ్యి పట్టి గేటు లోపలికి పంపుతారు. బడి బస్సయితే పిల్లల్ని ఎక్కించి దించటానికి ఒక మనిషి ఉండాలని నిబంధన ఉంది. మంచి నిబంధనే. నడిచిపోయే పిల్లకి మాత్రం ఏ నిబంధనా లేదు. ఆ రోడ్డు ఊడ్చిన తల్లి బిడ్డ ఆ టయానికి ఇంట్లో నిద్రలేచి అమ్మెక్కడని వెతుక్కుంటా ఉంటాడు.

మీకు మూడు కథలు చెప్తాం. మూడూ నిజంగా జరిగినవే.

మొదటిది మన బాబాసాహెబ్‌ది. 1901వ సంవత్సరం. ఆయనకి తొమ్మిది పదేళ్లు. తండ్రి గోరెగావ్‌లో క్యాషియరు పనిలో ఉన్నాడు. సెలవులకి రమ్మంటే సతారా నుంచి తోటి పిల్లలతో కలిసి రైలెక్కి, మసూర్ స్టేషన్‌లో దిగారు. తీసుకెళ్లటానికి ఎవరూ రాలేదు. వస్తున్నామని రాసిన ఉత్తరం నౌకరు తండ్రికి అందించలేదు. పిల్లలు కొత్త బట్టలేసుకుని ఉన్నారు. స్టేషన్ మాస్టారు దగ్గరికొచ్చి అడిగాడు. మహర్లమని చెప్పగానే వెనక్కి జరిగాడు. బండివాళ్లు ఎక్కించుకోమన్నారు. చివరికి రెండింతలు బాడిగ ఇచ్చి, బండి పిల్లలే తోలుకునేటట్టు, బండివాడు పక్కన నడిచేటట్టు ఒప్పందం కుదిరింది. ఆ రాత్రంతా వాళ్లకి మంచినీళ్లు దొరకలేదు. పెద్దాయనయ్యాక కూడా బాబాసాహెబ్ దాన్ని మర్చిపోలేదు, రాసిపెట్టాడు. పసిపిల్లకి చెయ్యందించే మనిషి లేకపోతే కులం ఎంత తొందరగా మీద పడుద్దో ఆ స్టేషన్‌లో తేలిపోయింది.

రెండోది కేరళలో, ఇప్పటికి నూరేళ్ల పైమాట. అయ్యంకాళి అనే మన పులయ కులపు పెద్ద, పంచమి అనే ఆడపిల్లని చెయ్యి పట్టుకుని ఊరూట్టంబలం బడికి తీసుకెళ్లాడు. అగ్రకులాలవాళ్లు బడినే తగలబెట్టారు. పిల్ల కూర్చుంటే బడి మైలపడిందన్నారు. ఆ రోజుల్లో ఆ ప్రాంతపు పొలాల్లో మనవాళ్లు ఏం చేశారో తెలుసా? పిల్లలకి బడి తలుపు తెరవకపోతే మేము చేలో దిగం అన్నారు. పని ఆపేశారు. పస్తులున్నారు గానీ దిగలేదు. నాటు వేసే చేతులకి బడి తలుపు తెరిపించే బలం ఉందని మనకంటే ముందే వాళ్లకి తెలుసు.

మూడోది అమెరికాలో. 1960 నవంబరు 14న న్యూ ఆర్లియన్స్ ఊళ్లో రూబీ బ్రిడ్జెస్ అనే ఆరేళ్ల నల్లజాతి పిల్ల తెల్లవాళ్ల బడికి పోవాల్సి వచ్చింది. దారి పొడుగునా జనం అరుస్తా ఉంటే, ప్రభుత్వం తన అధికారుల్ని పంపి ముందూ వెనకా నడిపించి ఆ పిల్లని గది దాకా చేర్చింది. తెల్లవాళ్లు తమ పిల్లల్ని మానిపించారు. ఆ ఏడాదంతా ఆ గదిలో అది ఒక్కతే చదువుకుంది.

మొదటి కథలో ఎవరూ రాలేదు. రెండో కథలో మనవాళ్లు వచ్చారు. మూడో కథలో ప్రభుత్వం రాక తప్పలేదు. మనకి రెండోదీ కావాలి, మూడోదీ కావాలి.

1917లో ఇదే బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మన తాత ముత్తాతలు సభ పెట్టారు. మమ్మల్ని పంచములనొద్దు, మేము ఆది ఆంధ్రులం అని చెప్పారు. ఆ తరం బడి గడప దాటటానికే కొట్లాడింది. మిషనరీ బడుల్లో, ఆ తర్వాత హాస్టళ్లలో మన వాళ్లు నాలుగక్షరాలు నేర్చుకున్నారు. ఇప్పుడు తలుపు తెరిచే ఉంది. కాకపోతే తొమ్మిదింటికి తెరుస్తారు. మన పిల్లకి ఆరింటికే అవసరం.

చట్టాల సంగతి చెప్తాం. విద్యాహక్కు చట్టం 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. ఒకటి నుంచి ఐదు దాకా బడి కిలోమీటరు లోపు ఉండాలన్నారు. బాగానే ఉంది. 2022 జూన్‌లో 117వ జీవో తెచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని దగ్గర్లోని హైస్కూలుకి పొమ్మన్నారు. అప్పటిదాకా మూడో తరగతి అక్క ఒకటో తరగతి తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని ఒకే బడికి తీసుకెళ్లేది. ఆ జీవోతో అక్క ఒక దారి, తమ్ముడు ఒక దారి. చాలా ఊళ్లలో తల్లిదండ్రులు గేట్ల ముందు కూర్చుని మా బడి మాకుంచండి అన్నారు. 2025లో ఆ జీవో తీసేసి కొత్త ఏర్పాటు తెచ్చారు, బడుల్ని తొమ్మిది రకాలు చేశారు. రెండో తరగతితో ఆగిపోయే బడులు అందులోనూ ఉన్నాయి. బడిని మార్చిన ప్రతిసారీ టీచర్లెంతమంది, గదులెన్ని అని లెక్క చూస్తారు. పిల్ల చెయ్యి ఎవరు పట్టుకుంటారనే లెక్క మాత్రం చూడరు.

డబ్బిస్తున్నాం గదా అంటారు. 2020లో అమ్మ ఒడి అన్నారు, 2025లో తల్లికి వందనం అన్నారు. తల్లి ఖాతాలో పడిన డబ్బు పుస్తకాలకి, బట్టలకి పనికొచ్చింది, కాదనం. కానీ దానికి 75 శాతం హాజరు ఉండాలన్నారు. తమ్ముణ్ణి సాకుతూ బడి మానే పిల్లకి ఆ హాజరు ఎక్కణ్ణించి వస్తది? ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే అందకుండా పోయే షరతు అది.

తల్లి పని చేసేచోట పిల్లల్ని చూసే మనిషుండాలనేది మనం కొత్తగా కనిపెట్టిన కోరిక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఆడవాళ్లు ఎక్కువగా పని చేసేచోట పిల్లల గది ఉండాలని రాశారు. 2005 ఉపాధి హామీ చట్టంలో, పనిచోటికి ఐదుగురు, అంతకు మించి చిన్నపిల్లలొస్తే ఒక ఆడమనిషిని వాళ్లని చూసుకోటానికే పెట్టి, ఆమెకి అందరితోపాటు కూలి ఇవ్వాలని రాశారు. అంటే పిల్లల్ని చూడటం కూడా పనేనని, దానికి కూలి ఉందని సర్కారే ఒప్పుకుంది. చెరువు పూడిక దగ్గర ఒప్పుకున్న మాట వరిచేను దగ్గర ఎందుకు చెల్లదు? బడి వరండాలో ఎందుకు చెల్లదు?

పొద్దున్నే బడి తెరవటం కుదిరే పనేనా అంటారు. తమిళనాడు చూడండి. 2022 సెప్టెంబరు 15న మధురైలో మొదలుపెట్టి, 2023 ఆగస్టు 25 నుంచి రాష్ట్రమంతా ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో పొద్దున పూట టిఫిను పెడుతున్నారు. టిఫిను పెట్టాలంటే తరగతులకంటే ముందే గేటు తెరవాలి, ఒక పెద్ద మనిషి అక్కడ ఉండాలి. మన దగ్గర 2023 మార్చిలో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలుపెట్టారు. జావ పోయటానికి మనిషి వచ్చినప్పుడు, పిల్లల్ని చూడటానికి మనిషి రాలేదా?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ పని మనం అడిగితే, రేపు పల్లెలో ఒక ఆడమనిషిని పెట్టి సేవ చేయమ్మా అని చేతిలో ఎంతో కొంత పెడతారు. మధ్యాహ్న భోజనం వండేవాళ్లకి 2019లో పెంచితే నెలకి మూడు వేలయింది. అంగన్‌వాడీ ఆయాకి ఏడు వేలు, టీచరుకి పదకొండు వేల ఐదొందలు ఉన్న రోజుల్లో, 2023 డిసెంబరు 12 నుంచి వాళ్లు 42 రోజులు సమ్మె చేశారు. ఎస్మా ప్రయోగించినా నిలబడ్డారు. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పోగుచేసుకొచ్చే ఆ ఆయా మన మనిషే. ఆమెకి ఇంకో మూడు గంటల పని ఊరికే అంటగట్టమని మనం అడగటం లేదు. మన పిల్ల కోసం ఇంకో పేదరాలి రెక్కలు విరవకూడదు. పనికి తగ్గ జీతం ఉండాలి. 2004లో సుప్రీం కోర్టు మధ్యాహ్న భోజనం వంటవాళ్లుగా దళితులకి, ఆదివాసీలకి ముందు అవకాశం ఇవ్వాలని చెప్పింది. ఆ మాటే ఈ పనికీ వర్తించాలని అడుగుదాం. మన పల్లె మనిషి గేటు దగ్గర నిలబడితే మన పిల్ల చేతికి చీపురు రాదు.

టీచర్లని శత్రువులుగా చూడొద్దు. వాళ్ల డ్యూటీ తొమ్మిదింటికి. ఆలస్యంగా వచ్చేవాళ్లని కమిటీలో నిలదీద్దాం. వచ్చి చెప్పేవాళ్లకి దణ్ణం పెడదాం. కానీ ఆలస్యంగా వచ్చిన పిల్లని వెనక కూర్చోబెట్టే ముందు, ఇంటి దగ్గర ఏం పని చేసొచ్చావమ్మా అని ఒక్క మాట అడగమని వాళ్లకి చెబుదాం.

ఇప్పుడు అన్నలకి ఒక మాట. కోపం తెచ్చుకోకండి. పురుగుమందు కొట్టటానికో, బస్తాలు మొయ్యటానికో పోయే రోజుల్లో మీరూ పొద్దున్నే పోతారు, నిజమే. పని లేని రోజుల్లో ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా ఎక్కడుంటున్నారు? టీకొట్టు దగ్గర. పేపరు చదువుతారు, అంబేద్కర్ గురించి కూడా మాట్లాడతారు. ఇంట్లో పదేళ్ల పిల్ల చెల్లెలికి జడేస్తా ఉంటది. పిల్లోడి ముక్కు తుడిచి, చొక్కా తొడిగి, బడి దాకా నడిపిస్తే మగతనం పోదు. మనువు ఊళ్లోనే లేడు, మన పొయ్యి దగ్గర కూడా కూర్చున్నాడు. అక్కణ్ణించి కూడా లేపాలి.

మరి రేపటి నుంచి ఏం చేద్దాం? నాట్లు మన కోసం ఆగవు.

మన పల్లెలో కమ్యూనిటీ హాలుంది. ఎన్నికలప్పుడు, పెళ్లిళ్లప్పుడు తప్ప తాళం తియ్యరు. దాన్ని ఆరింటికి తెరుద్దాం. ముఠాలో పదహారు మంది ఉన్నారనుకోండి. ఒకామె పొలానికి రాకుండా పిల్లల దగ్గరుంటది. కూలి నాలుగొందలు అనుకుంటే, పని చేసిన పదిహేను మందీ తలా పాతికేసినా మూడొందల డెబ్బై ఐదు అవుద్ది. తలా ఇరవై ఏడేస్తే నాలుగొందలు నిండుద్ది. ఆమె చిన్నవాళ్లని అంగన్‌వాడీలో, పెద్దవాళ్లని బడిలో దించుద్ది. కాలవ కట్ట మీద నడిపించేటప్పుడు పనిలేని అన్న ఒకాయన ముందు నడవాలి. సాయంత్రం మళ్లీ ఆమే తీసుకురావాలి. మార్చిలో ఒంటిపూట బడులు పెట్టినప్పుడు పన్నెండున్నరకే పిల్లలు బయటికొస్తారు, అప్పుడూ ఇదే హాలు.

అయితే ఒకటి మర్చిపోకూడదు. ఇది మన జేబులోంచి ఎల్లకాలం చెయ్యాల్సిన పని కాదు. ఒక నాట్ల కాలం చేసి చూపిద్దాం. ఎంతమంది పిల్లలొచ్చారు, ఎంతమంది పెద్దపిల్లలు టయానికి బడికెళ్లారు, రోజూ నోటుపుస్తకంలో రాద్దాం. ఆ పుస్తకం పట్టుకుని పంచాయతీకి, మండల విద్యాధికారికి, కలెక్టరు గారి దగ్గరికి పోదాం. అప్పుడు అడుగుదాం:

బడి గేటూ వరండా ఆరున్నరకి తెరవాలి.
పల్లె మనిషిని జీతమిచ్చి అక్కడ పెట్టాలి.
పొద్దున్నే కడుపుకింత పెట్టాలి.
కాలవ కట్ట మీద, పెద్ద రోడ్డు మీద పిల్లలకి తోడు ఉండాలి.
పిల్లల చేత ఊడిపించటం, నీళ్లు మోయించటం మానాలి.

ఇంక మొదట్లో గుర్తుపెట్టుకోమన్న మాట. బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి అని చట్టంలో ఉంది. మన పేర్లు రిజిస్టరులో ఉన్నాయి కూడా. సమావేశం పగలు పెడతారు. మనం చేలో ఉంటాం. సంతకం ఇంటికొస్తది. ఇకనించి సమావేశం రాత్రి ఏడింటికి పెడితేనే సంతకం అని చెప్పండి. ఇయ్యాల ఇంతమంది వచ్చారంటే ఏడింటికి పెట్టబట్టే గదా.

మేస్త్రితోనూ మాట్లాడాలి. ఆరున్నరకి బదులు ఏడున్నరకి చేలో దిగుతామని ఒక్కరం అంటే ఇంకొకళ్లని తెచ్చుకుంటాడు. చుట్టుపక్కల పల్లెల ముఠాలన్నీ ఒకే మాట మీద ఉంటే తెచ్చుకోలేడు. మాల పల్లె, మాదిగ పల్లె అని ఇక్కడ విడిపోయామా, ఇద్దరి పిల్లలూ అదే కట్ట మీద ఒంటరిగా నడుస్తారు.

ఇంటికెళ్లాక మీ పెద్దపిల్ల నిద్రపోతా ఉంటది. రేపు అదే ముందు లేవాలి. దాని మొఖం ఒకసారి చూడండి. బడి తెరిచిన రోజున అది గంట కొట్టకముందే, చేతిలో తమ్ముడు లేకుండా, పుస్తకాల సంచి ఒక్కటే పట్టుకుని గేటు లోపలికి పోవాలి. ముందు వరసలో కూర్చోవాలి. అందుకోసం ఆరింటికి ఈ హాలు తాళం ఎవరు తీస్తారో ఇక్కణ్ణించి లేచే ముందే పేర్లు రాసుకుందాం.

జై భీమ్!